లోవలక్ష్మి ఇంటి అలారం

నా కొట్టుకి వచ్చేవాళ్లలో సగం మంది రిమోట్‌లో సెల్లులు వేయించుకోవడానికి వస్తారు. వేసి ఇస్తే, నొక్కి చూసి, "పనిచేస్తోందండి" అని నాకే చెప్పి పోతారు. మిగతా సగం మంది దారి అడగడానికి వస్తారు. మండపేటలో ముప్పై ఎనిమిదేళ్లు రేడియోలూ టీవీలూ బాగుచేసిన విజయ్ పాల్‌ని నేను. ఇప్పుడు రేడియో అన్నదే లేదు. టీవీ పాడైతే గోడ మీంచి దింపి అవతల పారేసి కొత్తది తగిలించుకుంటున్నారు. కొట్టు మూసెయ్యొచ్చుగా అంటుంది మా ఆవిడ సత్యకుమారి. మూసేసి ఇంట్లో కూర్చుంటే ఆవిడ చెప్పే పనులన్నీ చెయ్యాలి. అంచేత రోజూ తీస్తున్నాను.

లోవలక్ష్మి మెట్లెక్కి వచ్చిన మధ్యాహ్నం కూడా సెల్లుల కోసమే అనుకున్నాను. మా వీధి మనిషే. మా ఇంటికి రెండిళ్ల అవతల, గవర్నమెంటు ఇచ్చిన కాలనీ ఇల్లు. రైస్ మిల్లులో బస్తాల మూతులు కుట్టే పని చేస్తుంది. కరెంటుతో నడిచే చిన్న మిషను ఒకటి తాడుకి వేలాడుతూ ఉంటుంది. బస్తా వచ్చి నిలబడగానే మూతి రెండంచులూ దగ్గరికి పట్టి, ఆ మిషన్ని ఈ చివర నుంచి ఆ చివరకి లాగాలి. వెంటనే ఇంకో బస్తా వస్తుంది. పొద్దున్న ఆరు నుంచి మధ్యాహ్నం రెండు దాకా అదే పని. ఆవిడకి నలభై ఇంకా రాలేదు. చూసినవాళ్లు యాభై అంటారు. ఒళ్లంతా ఊక దుమ్ముతో, నిలబడే ఓపిక లేనట్టు గుమ్మాన్ని పట్టుకుని నిలబడింది.

"పాల్ గారూ, దొంగలొస్తే మోగే మిషను మీరు చేస్తారా అండి?"

"ఫోన్లో ఆర్డరిస్తే కెమెరాలు ఇంటికే వస్తున్నాయి కదమ్మా. మధ్యలో నా ప్రాణం తియ్యడం ఎందుకు?"

"కెమెరా చూస్తుందండి, అంతే. అరవదు కదా."

మాట బాగానే ఉందనిపించింది. ఏం పోయాయని అడిగాను. ఏమీ పోలేదంది. నిద్ర పట్టడం లేదంది. కుడిచేతి బొటనవేలు చూపించింది. గోరు మధ్యలో నల్లటి చుక్క ఉంది. పదిరోజుల కిందట మిల్లులో కునుకు పట్టి, బస్తా అంచనుకుని వేలినే మిషను కింద పెట్టిందట. సూది గోట్లోంచి దిగి అవతలికొచ్చిందట. 

"ఇంకోసారి కునికితే మిషను దగ్గర్నుంచి తీసేసి చీపురిస్తానన్నారండి సూపర్‌వైజర్ గారు. చీపురు పనికి సగం కూలీయే. మా పాప కాకినాడలో నర్సింగు చదువుతోంది కదండి, అది ఆగిపోద్ది. నాకింకేమీ వద్దండి. మిల్లు నుంచొచ్చాక ఓ రెండు గంటలు ఒళ్లెరక్కుండా పడుకుంటే చాలు. రాత్రుళ్లు ఎలాగూ లేదు."

ఆ రోజుల్లోనే మా వెనక వీధిలో ఎవరింట్లోనో గ్యాస్ బండా, ఇత్తడి బిందెలూ పోయాయి. ఆడమనిషి, ఒంటరిగా ఉంటుంది, భయపడింది కాబోలు అనుకున్నాను. సరే కూర్చోమని స్టూలు చూపించి, లోపల డబ్బాల్లో సామాను వెతకడం మొదలుపెట్టాను. ఎస్సీఆర్ అనే స్విచ్ ముక్క ఒకటి కావాలి, రెసిస్టర్లు రెండు మూడు కావాలి, పాత యూపీఎస్ బ్యాటరీ ఒకటి ఎక్కడో ఉండాలి. నా కొట్లో అన్నీ ఉంటాయి, ఏదీ ఉండాల్సిన చోట ఉండదు. పావుగంట తర్వాత ఇవతలికొచ్చి చూద్దును కదా, ఆవిడ గోడకి తలానించి నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. రోడ్డు మీద ధాన్యం లారీలు హారన్లు కొట్టుకుంటూ పోతున్నాయి. పక్క కొట్లో వెల్డింగు జరుగుతోంది. ఏదీ ఆవిడకి వినపడడం లేదు.

లేపబుద్ధి కాలేదు. సత్యకుమారి రెండుసార్లు ఫోన్ చేసి, అన్నం చల్లారిపోతోంది, మీకసలు ఇల్లుందన్న సంగతి గుర్తుందా అంది. గుర్తుందన్నాను. నాలుగు దాటాక చేతిలో స్క్రూడ్రైవర్ జారి కింద పడింది. ఆ చప్పుడుకి లోవలక్ష్మి ఉలిక్కిపడి లేచి, రెండు చేతులూ తలకి అడ్డం పెట్టుకుంది. నన్ను చూసి మెల్లిగా దించింది. ఏదో పీడకల వచ్చి ఉంటుందనుకున్నాను. ఎంత తెలివైనవాణ్ణో చూడండి.

చెయ్యడానికి రెండ్రోజులు పట్టింది. నిజానికి రెండు గంటల పని. నా కళ్లు, నా నడుము, నా సోల్డరింగ్ గన్ మూడూ ఒకే వయసువి. సంగతి చాలా చిన్నది. తలుపుకో ఇత్తడి రేకు, గుమ్మానికో ఇత్తడి రేకు. తలుపు మూసి ఉన్నంతసేపూ రెండూ తాకుతూ ఉంటాయి, వాటిలోంచి సన్నగా కరెంటు తిరుగుతూ ఉంటుంది. అది తిరుగుతున్నంతసేపూ సైరన్ నోరు మూసుకుని ఉంటుంది. తలుపు బెత్తెడు తెరుచుకుందా, రేకులు విడిపోతాయి, ఎస్సీఆర్ తన్నుకు లేస్తుంది, సైరన్ అందుకుంటుంది. దొంగ భయపడి తలుపు మళ్లీ మూసేసినా లాభం లేదు, ఒకసారి మొదలైతే స్విచ్ కట్టేదాకా ఆగదు. కరెంటు పోయినా బ్యాటరీ మీద మోగుతుంది. ఇప్పుడందరూ అయస్కాంతం స్విచ్‌లు పెడుతున్నారు. నేను పాత స్విచ్ బోర్డుల్లోంచి తీసిన ఇత్తడి రేకులే పెడతాను. అవి నాకు అలవాటు, అవి చెడిపోవని నా నమ్మకం. ఆ నమ్మకం సంగతి తర్వాత చెబుతాను.

బిగించడానికి వెళ్లినప్పుడు ఆ వీధి తలుపు పరీక్షగా చూశాను. గొళ్లెం దగ్గర చెక్క మీద గీతలు పడి ఉన్నాయి. ఒకటి రెండు కాదు. సందులోంచి సన్నటి ఇనప బద్ద దూర్చి గొళ్లేన్ని పైకెత్తితే పడే గీతలు.

"ఇది దొంగ పనే అమ్మా. నువ్వు భయపడ్డావంటే భయపడవా మరి! పెరటి తలుపుకి ఇనప అడ్డగడియ ఉందిగా, దీనికీ అలాంటిది వేయించుకోవచ్చు కదా?"

"వేయించానండి. రెండుసార్లు. ఉండనివ్వలేదు."

ఎవరు ఉండనివ్వలేదని అడగొచ్చు కదా నేను. అడగలేదు. వడ్రంగి పని సరిగ్గా చేసి ఉండడు, మేకులు ఊడిపోయి ఉంటాయి అని నాకు నేనే చెప్పుకుని, వడ్రంగుల్ని తిట్టుకుంటూ గడపలో రేకు దించడానికి చోటు చెక్కాను. గడపలో అయితే ఎవడికీ కనబడదు, ఎవడూ ఊహించడు. నా పనితనం చూసి నాకే ముచ్చటేసింది.

స్విచ్ మాత్రం తలుపు పక్క కిటికీలో పెట్టాను, చెక్క వెనకాల. లోపల్నుంచీ అందుతుంది, బయట నిలబడి చువ్వల్లోంచి చెయ్యి పెట్టినా అందుతుంది. ఇంటివాళ్లు ఇంట్లోకి రావాలంటే ముందు అది కట్టి తలుపు తియ్యాలి.

"ఇది నీకూ నాకూ తెలుసు. మీ బుల్లియ్యకి చూపించు. మరింకెవరికీ చెప్పకు."

బుల్లియ్య అంటే ఆవిడ భర్త. లారీ డ్రైవరు. బియ్యం లోడు వేసుకుని కేరళ వెళ్తాడు, పది రోజులకో పదిహేను రోజులకో వస్తాడు. నేను ఎక్కడ కనబడ్డా లారీ ఆపి మరీ "నమస్కారం గురువుగారూ" అనే మనిషి. అతను ఊళ్లో ఉన్న రోజుల్లో ఆ ఇంట్లో కొంచెం గోలగా ఉంటుంది. ఎవరింట్లో ఉండదులే అనుకునేవాళ్లం వీధిలో అందరం.

"ఆయనకి నేను చెప్తాలెండి," అంది లోవలక్ష్మి.

ఇది మంగళవారం. శుక్రవారం తెల్లవారుజామున అయిదుంబావుకి, నేను పళ్లు తోముకుంటుండగా, అందుకుంది సైరన్. ఓరి నాయనో! నేను ఆ సైరన్‌ని కొట్లో గుడ్డ చుట్టి మోగించి చూశాను గానీ బయట ఎప్పుడూ వినలేదు. వీధి వీధంతా లేచింది. కుక్కలు ఒక్కసారిగా అరిచాయి. నోట్లో బ్రష్షుతోనే పరిగెత్తాను. పరిగెత్తానంటే నా మోకాళ్లతో ఎంత పరిగెత్తగలనో అంత. నేను వెళ్లేసరికే తాపీ మేస్త్రీ చిట్టియ్య లుంగీ ఎగ్గట్టి కర్రతో నిలబడ్డాడు. చేపలమ్మే వీరమ్మ రోకలి తెచ్చింది. ఇంకా ఎవరెవరో పారలూ, చీపుళ్లూ. పెరట్లో స్నానం చేస్తున్న లోవలక్ష్మి తడి జుట్టుతో చీర చుట్టుకుని ఇవతలికొచ్చింది. కిటికీలోంచి చెయ్యి పెట్టి స్విచ్ కట్టాను.

దొంగా లేడు, గింగా లేడు. గడప మీద టార్చి వేసి చూస్తే అప్పుడు తెలిసింది నా ఘనకార్యం. శుక్రవారం కదా, ఆవిడ లేవగానే గడప కడిగింది. కడిగి నిండా పసుపు రాసింది, కుంకుమ బొట్లు పెట్టింది, తలుపు మూసింది, అలారం వేసుకుని స్నానానికి వెళ్లింది. పసుపు పచ్చిగా ఉన్నంతసేపూ తడిలోంచి కరెంటు తిరిగింది, ఏం కాలేదు. అది ఆరి పొర కట్టేసరికి నా ఇత్తడి రేకులు రెండూ ఒకదాన్నొకటి తాకడం మానేశాయి.

మాది చర్చికెళ్లే ఇల్లు. మా గడపకి పసుపు రాసే అలవాటు లేదు. అయితే మాత్రం? పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఈ వీధుల్లో పసుపు గడపలు దాటుతూనే ఉన్నాను. ఒక్కసారైనా తట్టాలి కదా బుర్రకి!

"ఏంటి పాల్ గారూ," అంది వీరమ్మ రోకలి భుజాన వేసుకుని, "శుక్కురారం ఆడోళ్లు గడప కడుగుతారన్న సంగతి మీకెవరూ చెప్పలేదేంటండి? మా గుండెలు ఆగిపోయాయి కదా!"

"పోన్లెండి, పసుపుని చూసి కూడా అరిచేదంటే గట్టి అలారమే," అన్నాడు చిట్టియ్య. అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ముప్పై ఎనిమిదేళ్ల సర్వీసు, గడప దగ్గర పోయింది.

నవ్వని మనిషి లోవలక్ష్మి ఒక్కతే. ఆవిడ నన్ను చూడడం లేదు, గడపనీ చూడడం లేదు. వీధిలో నిలబడ్డ జనాన్ని చూస్తోంది. ఒక్కొక్కళ్ల మొహమూ, ఒక్కొక్కళ్ల చేతిలో ఉన్నదీ చూస్తోంది.

"ఇంతమంది వచ్చేశారండి," అంది నాతో మెల్లిగా.

"వచ్చారు మరి. నీకు నిద్ర పట్టడానికని చేస్తే ఊరందరి నిద్రా పాడుచేశాను. క్షమించమ్మా. సాయంత్రం వచ్చి సరిచేస్తాను."

"పర్లేదండి." ఇంకా జనాన్నే చూస్తూ అడిగింది. "దీని సౌండు ఇంకొంచెం పెంచొచ్చా అండి?"

"ఏం, రామచంద్రపురం వాళ్లు కూడా రావాలా?" అని కసిరాను. అసలే ఒళ్లు మండిపోయి ఉన్నాను.

సాయంత్రం కొట్టు కట్టేసి వెళ్లాను. గడపలో రేకు ఊడదీసి, గుమ్మం పైన, పసుపు చెయ్యి అందని చోట బిగించడం మొదలుపెట్టాను. ఆవిడ స్టూలు పట్టుకుంది. పని చేస్తూ, పొద్దుటి పరువు కాస్తయినా దక్కించుకుందామని హాస్యమాడాను.

"బుల్లియ్యకి స్విచ్ సంగతి చెప్పావా? చెప్పకపోతే పాపం వాడు లోడు దింపి ఆదరాబాదరా ఇంటికొచ్చి, సొంతింట్లో దొంగలా దొరికిపోతాడు."

 కిందికి చూశాను. స్టూలు రెండు చేతులా పట్టుకుని నేలకేసి చూస్తోంది.

"ఆయన వస్తేనే మోగాలండి," అంది.

నేను స్టూలు మీదే ఉండిపోయాను. చేతిలో స్క్రూ ఉంది, దాన్ని ఏం చెయ్యాలో తెలియలేదు. గొళ్లెం దగ్గర గీతలు నా కళ్లకి ఎదురుగానే ఉన్నాయి. అడ్డగడియ ఎవరు ఉండనివ్వలేదో ఇప్పుడెవరూ చెప్పక్కర్లేదు. ఆవిడే చెప్పింది, ఏదో వేరేవాళ్ల సంగతి చెబుతున్నట్టు, అలిసిపోయిన గొంతుతో. తలుపు కొట్టి పిలిస్తే తను తియ్యకుండా పెరటి దారిన పోతుందని ఇనప బద్దతో గొళ్లెం ఎత్తి చప్పుడు కాకుండా వస్తాడట. పడుకున్న మనిషి జుట్టు మీద చెయ్యి పడితేనే తెలుస్తుందట వచ్చాడని. లారీ ఏ రోజు వస్తుందో, ఏ వేళప్పుడు వస్తుందో తెలియదు. అందుకని ఏ వేళా నిద్ర పట్టదు.

"స్టేషన్‌కెళ్లానండి ఒకసారి. ఇద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడి, కలిసుండండమ్మా అని పంపేశారు. ఆ రాత్రి ఇంకా ఎక్కువైంది. కొట్టినా పడతానండి, అలవాటైపోయింది. నిద్రలో ఉండగా రాకుండా ఉంటే చాలు. లేవడానికి ఓ నిమిషం టైమిస్తే పెరట్లోంచి పోతాను."

ఆ రాత్రి ఎంత గోల జరిగిందో నాకు గుర్తుంది. పిల్ల అప్పటికింకా ఇంట్లోనే ఉండేది, అది కూడా ఏడ్చింది. సత్యకుమారి లేచి వెళ్లబోతే, మొగుడూ పెళ్లాల మధ్యకి మనమెందుకన్నాను. టీవీ సౌండు పెంచమన్నాను. పెంచింది. అప్పటికి అది కొత్త టీవీ, సౌండు బాగా వచ్చేది. ఇలాంటి రాత్రుళ్లు ఎన్నో. ప్రతిసారీ రిమోట్ ఎక్కడుందని వెతుక్కునేవాణ్ణి. నాకు సిగ్గేసింది. ఆవిడ ముందు స్టూలు మీద ఎత్తుగా నిలబడి ఉన్నందుకు ఇంకా సిగ్గేసింది. స్క్రూ బిగించి, దిగి, సైరన్ సౌండు ఎంత పెరుగుతుందో అంతా పెంచి, ఇంటికెళ్లిపోయాను.

తర్వాత అయిదు రోజులు ఆవిడ పడుకుంది. రెండున్నరకి మిల్లు నుంచి రావడం, అలారం వేసుకోవడం, పడుకోవడం. సత్యకుమారికి నేనేమీ చెప్పలేదు, అయినా ఆవిడే అంది, లోవలక్ష్మి మొహం కాస్త తేటపడిందండీ, నిన్న కుళాయి దగ్గర నవ్వింది కూడా అని.

ఆరో రోజు గురువారం. అన్నం తిని ఇంట్లో నడుం వాల్చాను. మూడున్నర అయ్యుంటుంది, సైరన్ మోగింది.

ఈసారి పసుపు కాదని మంచం మీదే తెలిసిపోయింది. చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్లాను. సత్యకుమారి నా వెనకే వచ్చింది. వీధంతా అప్పటికే అక్కడుంది. చిట్టియ్య ఆ రోజు పనిలోకి వెళ్లలేదు, కర్ర పుచ్చుకున్నాడు. వీరమ్మ రోకలి తెచ్చింది. తలుపు బార్లా తెరిచి ఉంది. గుమ్మంలో బుల్లియ్య, చేతిలో ఇనప బద్ద, మొహంలో కంగారు. లోవలక్ష్మి పెరటి దారిన తిరిగొచ్చి వీధి మధ్యలో నిలబడింది. నిద్రలోంచి లేచిన జుట్టు అలాగే ఉంది.  లేవడానికి ఆవిడ అడిగిన నిమిషం దొరికింది.

చిట్టియ్య కర్ర దించేశాడు.

"ఓరి నువ్వా బుల్లియ్యా! దొంగనుకున్నాం కదరా! పాల్ గారూ, ఆ గోల ఆపండి బాబూ. ఇంటాయనే."

"నా ఇంటికి నేనొస్తే దొంగనైపోయానండి," అన్నాడు బుల్లియ్య, అందరికీ వినపడేలా అరుస్తూ, నవ్వు తెచ్చిపెట్టుకుంటూ. "ఆపండి గురువుగారూ, చెవులు పోతున్నాయి."

అందరి భుజాలూ దిగాయి. ఎవరో నవ్వారు. ఒకళ్లిద్దరు వెనక్కి తిరిగారు. నేను కిటికీ దగ్గరికి వెళ్లి చువ్వల్లోంచి చెయ్యి పెట్టాను. వేలికి స్విచ్ తగిలింది. అలవాటు కొద్దీ ఆవిడకేసి చూశాను. ఆవిడ బుల్లియ్యని చూడడం లేదు. ఇళ్లకి తిరిగిన వీపుల్ని చూస్తోంది.

చెయ్యి వెనక్కి తీసేసుకున్నాను.

"ఆపను," అన్నాను. ఆ మోతలో ఎవరికీ వినపడలేదు. గొంతు చించుకుని మళ్లీ అరిచాను. "ఆపనన్నాను! గొళ్లెం ఎత్తి వచ్చినవాడు ఈ మిషనుకి దొంగే! నాకూ దొంగే! బ్యాటరీ నిండుగా ఉంది, రేపు పొద్దుటిదాకా మోగుద్ది. మీరెళ్లి పడుకోండి, పట్టుద్దేమో చూద్దాం!"

అని, మోకాళ్లు లాగేస్తుంటే, కిటికీ కింద అరుగు మీద చతికిలబడ్డాను. స్విచ్‌కి నా వీపు అడ్డం.

వెళ్లబోయినవాళ్లు ఆగిపోయారు. వెళ్లి మాత్రం ఏం చేస్తారు, ఆ మోత అందరి ఇళ్లలోనూ మోగుతోంది. చెవులు మూసుకుని నిలబడ్డారు. ముందు కదిలింది వీరమ్మ. గుమ్మం దగ్గరికొచ్చి బుల్లియ్య చేతిలో బద్ద చూపించి అడిగింది.

"ఇదెందుకురా? తలుపు కొట్టలేవా?"

బుల్లియ్య ఏదో అరిచాడు. వినపడలేదు. నోరు మాత్రం కదులుతోంది. నా ఇల్లు అన్నట్టున్నాడు, వీరమ్మ అతని చెవి దగ్గరికి వెళ్లి, "పట్టా దాని పేరునుందిరా!" అని అరిచింది. అతని మొహం ఎర్రబడింది. గబగబా మెట్లు దిగి లోవలక్ష్మి దగ్గరికి వెళ్లి, మేమంతా అక్కడున్నామన్నది మరిచిపోయి, జుట్టు మీద చెయ్యి వేశాడు. అలవాటు. ఆవిడ చేతులు రెండూ తలకి అడ్డం వెళ్లిపోయాయి, అదీ అలవాటే.

అది పట్టపగలు, వీధి మధ్యలో, అందరి కళ్లముందూ జరిగింది. టీవీ లేదు పెంచుకోవడానికి. చిట్టియ్య కర్ర మళ్లీ పైకి లేచింది. సత్యకుమారి నాకంటే ముందు వెళ్లి ఇద్దరి మధ్యా నిలబడింది, వీరమ్మ ఆవిడ పక్కన. బుల్లియ్య జుట్టు వదిలాడు. చుట్టూ చూశాడు. దారికి అడ్డంగా ఉన్న బకెట్‌ని ఒక్క తన్ను తన్ని, కాలవగట్టున పెట్టిన లారీ వైపు వెళ్లిపోయాడు. ఇక రాడని నేననుకోను. వస్తాడు. వస్తే మళ్లీ మోగుతుంది, మళ్లీ వెళ్లాలి, నా మోకాళ్లు నన్ను తిట్టుకుంటాయి.

లారీ చప్పుడు పోయాక స్విచ్ కట్టాను. అంత మోత ఆగేసరికి చెవుల్లో గుయ్యిమంది. ఎవరూ ఇళ్లకి పోలేదు.  బుల్లియ్య తన్నిన బకెట్‌ని చిట్టియ్య తెచ్చి మెట్టు దగ్గర నిలబెట్టి, దాన్ని అటూ ఇటూ సర్దుతున్నాడు.

లోవలక్ష్మి వచ్చి అరుగు మీద, నాకు కాస్త దూరంలో కూర్చుంది. ఏడవలేదు. ఏడవడానికి కూడా ఓపిక కావాలి.

"పాల్ గారూ, ఒకటడగనా అండి?"

"అడగమ్మా."

"నేను అరిస్తే మీ ఇళ్లకి వినపడదేమో అనుకునేదాన్నండి. తలుపులేసుకుని పడుకుంటారు కదా, ఫ్యాన్లు తిరుగుతుంటాయి కదా, అనుకునేదాన్ని. అందుకేనండి, అరిచే మిషను కావాలని మీ దగ్గరికొచ్చాను." నా మొహంలోకి చూసింది. కోపం లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడుగుతోంది. "వినపడేదా అండి?"

వీరమ్మ రోకలి నేలకి ఆనించి తల దించుకుంది. సత్యకుమారి నాకేసి చూసింది. లేదమ్మా, ఫ్యాను గోలలో ఏం వినపడుతుంది అని ఒక్క మాట అనేస్తే అయిపోయేది. లోవలక్ష్మి నమ్మేసేది, నమ్మాలనే ఉంది ఆవిడకి.

"వినపడేదమ్మా," అన్నాను.